డెబ్భై అక్షరాల ఉద్యోగం

సీఎస్ఈ చదువుతూ ఏడాది పాటు మార్కెటింగ్‌లో పనిచేశానంటే మా క్లాసులో ముందు నవ్వారు. "కోడింగ్ రాక వెళ్లావా మామా?" అని ఒకడు, "టార్గెట్లిచ్చి ఎండలో తిప్పుతారు చూడు" అని ఇంకొకడు. ఫస్ట్ ఇయర్ సెలవుల్లో మొదలైంది. సెకండ్ ఇయర్ అంతా శని, ఆదివారాలు, ఖాళీగా ఉన్న సాయంత్రాలు కలుపుకుని మొత్తం పన్నెండు నెలలు చేశాను. గుంటూరు దగ్గర పశువుల దాణా తయారుచేసే చిన్న కంపెనీ అది. కస్టమర్ల లిస్టులు ఎక్సెల్‌లో సర్దడం, రైతుల ఫోన్లకు మెసేజ్‌లు పంపే సిస్టమ్ చూసుకోవడం నా పని. స్టైపెండ్ బస్సు ఛార్జీలకీ నెలకో బిర్యానీకీ సరిపోయేది.

నా తెలుగు గురించి కూడా కాస్త చెప్పాలి. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. టెన్త్ దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజ్, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. మీలో చాలామందిది ఇదే కథ అని నాకు తెలుసు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. వాట్సాప్‌లో అదే తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతాం. తెలుగు పేపరు మాత్రం తాతయ్య చదువుతారు. అలాంటి నాకు ఆ ఆఫీసులో ఏడాదంతా తెలుగుతోనే పని పడింది.

మొదటి నెలలో మేనేజర్ సార్ ఎస్సెమ్మెస్ బిల్లు నా ముందు పెట్టారు. "తెలుగులో పంపిన ప్రతిసారీ డబుల్ పడుతోంది. ఎందుకో చూడు" అన్నారు.

ఇది మన సబ్జెక్టే. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి అందులో 160 అక్షరాలు పడతాయి. మామూలుగా వాడే ఆ 7 బిట్ల పట్టికలో తెలుగు లేదు. మెసేజ్‌లో ఒక్క తెలుగు గుర్తు ఉన్నా మొత్తం 16 బిట్ల పద్ధతికి మారిపోతుంది. అప్పుడు పట్టేవి 70 మాత్రమే. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది. ముక్కల్ని మళ్లీ అతికించే సమాచారానికి కొంత చోటు పోయి, ఒక్కో ముక్కకి 67 మిగులుతాయి. ఎన్ని ముక్కలైతే అన్ని మెసేజ్‌ల డబ్బు.

ఇంకో మెలిక కూడా ఉంది. మనం అక్షరం అనుకునేది వేరు, మెషీన్ లెక్కపెట్టేది వేరు. "స్త్రీ" మనకి ఒకే అక్షరం. యూనికోడ్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. నమ్మకపోతే పైథాన్‌లో లెన్ ఫంక్షన్‌కి ఇచ్చి చూడండి, 6 అనే చెబుతుంది.

నేను చేరేనాటికి కంపెనీ పంపుతున్న మెసేజ్ ఇది: "ప్రియమైన రైతులారా, మా సమతుల్య పశు దాణాను వినియోగించి మీ పాడి జంతువుల పాల ఉత్పాదకతను పెంపొందించుకోండి." లెక్కపెడితే 101. కంపెనీ పేరు, ఫోన్ నంబరు కలిపితే 121. అంటే రెండు మెసేజ్‌లు.

సార్ దగ్గర దీనికి సింపుల్ సొల్యూషన్ ఉంది. అదే వాక్యాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లో రాస్తే 160 లోపే అయిపోతుంది, బిల్లు సగం తగ్గుతుంది. "ఇప్పుడందరూ వాట్సాప్‌లో అలాగే రాస్తున్నారు కదా" అన్నారు. లెక్కగా చూస్తే కాదనడానికి ఏమీ లేదు. వేల నంబర్లకి పంపే మెసేజ్ కాబట్టి చిన్న కంపెనీకి అది చిన్న డబ్బేమీ కాదు. పైగా ఇలాంటి మెసేజ్ ఏదైనా ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో టెంప్లేట్‌గా రిజిస్టర్ చేయించి, అప్రూవల్ వచ్చాకే పంపాలి. మాట మారిస్తే మళ్లీ అప్రూవల్. అందుకే ఒక్కసారే తేల్చేయాలన్నారు.

ఆ తేల్చడానికి ముందు ఫీల్డ్ ఆఫీసర్ అన్న బండి మీద తెనాలి వైపు ఒక ఊరికి వెళ్లాం. తెల్లారి ఆరింటికి పాలకేంద్రం దగ్గర లైను. క్యాన్లు, చెంబులు, స్టీలు టిఫిన్లు. పాలు పోసిన ప్రతి ఒక్కరికీ ఒక చిన్న స్లిప్పు వస్తుంది: ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎన్ని రూపాయలు. ఆ స్లిప్పుని అందరూ జాగ్రత్తగా చూసుకుంటున్నారు. ఫ్యాట్ ఒక పాయింట్ తగ్గితే ఎందుకు తగ్గిందని అక్కడే అడుగుతున్నారు. చదవడం రాని జనం కాదు వాళ్లు.

లైన్లో ఉన్న ఒక మామ్మగారికి నా ఫోన్లో రెండు మెసేజ్‌లూ చూపించాను. ఇంగ్లీష్ అక్షరాల్లో ఉన్నదాన్ని చూసి వెంటనే ఫోన్ వెనక్కిచ్చేశారు. "ఇది ఇంగిలీషు గదయ్యా. మా మనవడు ఆదివారం వస్తాడు, వాడు చదవాల" అన్నారు. లోపల ఉన్నది తెలుగే అని చెప్పినా ఒప్పుకోలేదు. ఆమె కళ్లకి ఏ అక్షరాలుంటే అదే భాష.

రెండోది కూడబలుక్కుంటూ చదివారు. "పాడి జంతువుల" దగ్గర ఆగి నావైపు చూశారు. "జంతువులంటే అడివిలో ఉండేయి గదా అబ్బాయ్. ఇయ్యి మా గొడ్లు."

లైనంతా నవ్వింది. ఫీల్డ్ ఆఫీసర్ అన్న కూడా.

తిరిగొచ్చి సార్‌కి రెండు విషయాలూ చెప్పాను. ఆయన కోప్పడలేదు, షరతు పెట్టారు. "70లో కూర్చి తీసుకురా. లేదంటే ఇంగ్లీష్ అక్షరాలే వెళ్తాయి."

ఆ వారం నేను ఎక్కువగా మాట్లాడింది అమ్మమ్మతో. ఒకప్పుడు వాళ్లకి నాలుగు గేదెలుండేవి. పాత మెసేజ్ చదివి వినిపిస్తే, "దాణా అమ్మేవాడు దాణా గొప్ప చెబితే ఎవరు వింటారురా? గేదె గురించి చెప్పు" అంది. ఏం చెప్పాలంటే, చూడి గేదెని ఈనేముందు రెండు నెలలు బాగా మేపుకోవాలని, అప్పటి మేతే తర్వాత పాలల్లో కనపడుతుందని, పాలు ఇవ్వట్లేదు కదా అని ఆ టైములోనే చాలామంది తవుడు తగ్గిస్తారని చెప్పింది. నేను రాసుకుంటూ పోయాను. చివరికి తేలింది ఇది:

"చూడి గేదెకు ఈ రెండు నెలలు పెట్టిన మేతే, ఈనాక పాలు."

ఖాళీలు, కామా, చుక్కతో సహా 50. కంపెనీ పేరుకి 8, నంబరుకి 10, మధ్యలో రెండు ఖాళీలు. సరిగ్గా 70.

అయితే ఈ వాక్యం అందరికీ పంపితే అర్థం లేదు, "ఈ రెండు నెలలు" అన్నాం కదా. ఫీల్డ్ ఆఫీసర్ల నోటుబుక్కుల్లో ఎవరింట్లో గేదె ఎప్పుడు చూడి కట్టిందో రాసి ఉంటుంది. వాటిని కూర్చుని ఎక్సెల్‌లోకి ఎక్కించాను. గేదె మోసేది పది నెలలకి కాస్త అటూ ఇటూ. కాబట్టి చూడి కట్టిన తేదీకి ఎనిమిది నెలలు కలిపి, ఆ వారంలో ఆ ఇంటికి మాత్రమే మెసేజ్ వెళ్లేలా చిన్న స్క్రిప్ట్ రాశాను. ఏడాదిలో నేను రాసిన కోడ్‌లో పనికొచ్చింది ఇదే. దీంతో పంపే మెసేజ్‌ల సంఖ్య కూడా బాగా తగ్గింది. బిల్లు సమస్యకి మేం వెతకని వైపు నుంచి జవాబు దొరికింది.

సార్ పట్టుదల మీద ఇంగ్లీష్ అక్షరాల వెర్షన్ కూడా కొందరికి పంపి పోల్చాం. తెలుగు దానికే మిస్డ్ కాల్స్ ఎక్కువ వచ్చాయి. శాంపిల్ చిన్నది కాబట్టి దీన్ని రుజువు అనను. ఇంకో నిజం కూడా చెప్పాలి. కొన్ని పాత కీప్యాడ్ ఫోన్లలో తెలుగు ఫాంటే లేదు. మా 70 అక్షరాలూ అక్కడ డబ్బాలు డబ్బాలుగా కనపడ్డాయి. వాళ్ల కోసం అదే వాక్యాన్ని ఫీల్డ్ ఆఫీసర్ అన్న గొంతుతో రికార్డ్ చేసి వాయిస్ కాల్స్ పంపాం. ఆయన చదివితే "మేతే" దగ్గర ఒక ఒత్తు పడేది. నేను ఎన్నిసార్లు చదివినా అది రాలేదు.

మార్కెటింగ్ అంటే లేనిది ఉన్నట్టు చెప్పడం అని నేనూ వినే వెళ్లాను. చిన్న కంపెనీలో, అదీ 70 అక్షరాల్లో, గొప్పలకి చోటుండదు. అవతల మనిషికి ఈ వారం ఏది అవసరమో తెలిస్తేనే ఆ చోటు సరిపోతుంది. అది తెలుసుకోవాలంటే వాళ్లు దేన్ని ఏమంటారో తెలియాలి. చూడి, ఈనడం, వట్టిపోవడం, తవుడు, చిట్టు, ఈ మాటలన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. అమ్మమ్మ దగ్గర ఉన్నాయి, అమ్మకి సగం తెలుసు, నా దాకా రాలేదు. సిలబస్‌లో లేనివి జీతమిచ్చే పనిలో నేర్చుకున్నాను.

మనం రేపు రాసే యాప్‌లలో పేరు ఫీల్డ్‌కి లిమిట్ పెడతాం, నోటిఫికేషన్లు రాస్తాం, భాషల లిస్టులో తెలుగు అని ఒక బటన్ పెట్టి ట్రాన్స్‌లేషన్‌కి పంపేస్తాం. ఆ బటన్ నొక్కేవాళ్లలో ఒకరికైనా ముందు చూపించండి. ఎక్కడ ఆగుతారో చూడండి.

రెజ్యూమేలో ఈ ఏడాదంతా ఒక్క బులెట్ పాయింట్ అయింది: "రీజినల్ లాంగ్వేజ్ క్యాంపెయిన్ ఆప్టిమైజేషన్". మొన్న కంపెనీవాళ్లు కొత్త దాణా సంచి ఫొటో పంపారు. "పాడి జంతువులకు" అని ఉండే చోట ఇప్పుడు "గేదెలకు, ఆవులకు" అని ముద్రించారు.