రెండవ చేయి

మా చెల్లెలి కుమార్తెకు ఇరువదిమూడేండ్లు. సంవత్సరమునకు పైగా తలనొప్పితో బాధపడుచుండెను. మొదట కంటిదోషమనిరి, సులోచనములు వచ్చినవి. తరువాత మనోవ్యాధి యనిరి. దానికి మందు పెండ్లియని పెద్దలు తేల్చిరి. ఆడుపిల్ల తలనొప్పికి మన యిండ్లలో ఇంతకంటె వేఱు నిదానము లేదు కదా! పనికి నెపమని గొణిగినవారిలో మేమును ఉంటిమి. రక్తపుపోటు చూపించితిమి, 110 అని వచ్చినది, ఇంకేమి కావలెనని మా ధీమా.

తుదకొక వైద్యురాలు ఆమె రెండుచేతుల నాడులను ఒక్కసారి పట్టి చూచెను. ఎడమ మణికట్టున నాడి అందీ అందకుండెను. కుడిచేత పోటు చూడగా 190! ఎడమచేతికి పోవు ధమని సన్నబడుటచే ఆ చేయి ఇన్నినాళ్లును అబద్ధమాడినది. అంతకుముందు పట్టీ ఎప్పుడును ఎడమచేతికే ఏల కట్టిరనగా, బల్ల ఆ ప్రక్కనున్నదట! పిమ్మట ఆమె బొడ్డునకు పైభాగమున స్టెతస్కోపు నుంచి చాలసేపు వినెను. ఇఱుకుసందున రక్తము దూసికొనిపోవు చప్పుడు వినబడినది. డాప్లరు పరీక్షలో కుడి మూత్రపిండము ఎడమదానికంటె రెండు సెంటీమీటర్లు చిన్నదిగా నుండెను. దానికి పోవు ధమని మొదలుననే సన్నబడినట్లు సీటీ యాంజియోగ్రాములో తేటపడెను. జపానుదేశపు నేత్రవైద్యుడు తకయాసు పేర పిలువబడు ధమనుల వాపు అది. మన దేశమున పడుచువారిలో, విశేషించి స్త్రీలలో, మూత్రపిండధమని ఇఱుకగుటకు ముఖ్యకారణములలో నొకటి.

ఒక్క ధమని ఇఱుకైనచో ఒడలంతట పోటేల పెరుగవలెను? 1934లో అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున గోల్డ్‌బ్లాట్ అను వైద్యుడు కుక్కల మూత్రపిండధమనులను వెండిబిగింపులతో నొక్కి, పోటు పెరుగుటను చూపెను. రక్తము చాలని మూత్రపిండము రెనిన్ అను పదార్థమును విడుచును. దాని ప్రేరణచే నాళములు ముడుచుకొనును, ఒంట ఉప్పు నిలుచును. చివరిమడికి నీరందలేదని మొఱపెట్టగా, పూడిన తూమును చూడక చెరువుకట్ట నెత్తుచేసినట్లన్నమాట.

ప్రతి పోటునకును ఈ వెదకులాట యక్కఱలేదు. ముదుసలులలో కొవ్వు పేరుకొని కలుగు ఇఱుకునకు స్టెంటు వేసినను, మందులకంటె సామాన్యముగా అధికమైన మేలు కలుగుట లేదని 2009, 2014 సంవత్సరములలో వెలువడిన పెద్దపరీక్షలు చూపినవి. ముప్పదియేండ్లలోపున వచ్చిన పోటును, మూడుమందులకు లొంగని పోటును మాత్రము శోధింపక విడువరాదు.

వాపు చల్లార్చు మందులు కొన్నినెలలు వాడిన పిదప బుడగతో ధమనిని విప్పిరి. ఇప్పుడు పోటు చూడవచ్చినవారికి ఆ పిల్ల తానే కుడిచేయి చాచును. మేము క్షమాపణ వేడగా నవ్వి, ఆ సులోచనములను తెచ్చి మా చేతబెట్టినది.