రాయని గంటలు

పోలీసుల జవాబుదారీతనాన్ని గురించి పరిశోధించడం నా వృత్తి. మిత్రులు నన్ను తరచు ఒక ప్రశ్న వేస్తుంటారు: "రాజ్యమే వర్గసాధనమైనప్పుడు లాకప్పుకు నియమాలు రాసి ఏం ప్రయోజనం?" కొట్టిపారవేయదగిన ప్రశ్న కాదది. నాకు తెలిసినది చెబుతాను.

మొదట్లో నేను చావులను లెక్కపెట్టేవాణ్ణి. లాకప్పులో కొడుకును పోగొట్టుకున్న ఒక ముసలితల్లి నా లెక్కను సరిదిద్దింది. "సోమారం పొద్దుగాల తీసుకపోయిండ్రు బిడ్డా. కాయితంల బేస్తారం అని రాసిండ్రు" అన్నది. నడుమ మూడు రోజులు ఏ రిజిస్టరులోనూ లేవు. దెబ్బలు పడ్డది ఆ మూడు రోజుల్లోనే. హింసకు లాఠీ ఒక్కటే చాలదు, రాయని గంటలు కూడా కావాలి.

ఈ విద్య కొత్తది కాదు. శిస్తు రాబట్టడానికి రైతులను చిత్రహింసలు పెడుతున్నారని మద్రాసు రాజధానిలో నియమించిన విచారణ సంఘం 1855లోనే ఒప్పుకొన్నది. నేరం మాత్రం దేశీయులైన కింది ఉద్యోగుల మీద మోపి, దొరలను తప్పించింది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసుస్టేషనులో ఒక స్త్రీపై జరిగిన అత్యాచారానికీ, ఆమె భర్త మరణానికీ పోలీసులే దోషులని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. కేసు రాయచూరు కోర్టుకు మారింది, ముద్దాయిలు విడుదలయ్యారు. విచారణ సంఘాలకు నిజం దొరకకపోలేదు. దొరికిన నిజం శిక్షగా మారలేదు. నేరారోపణకు గురైన శాఖే మొదటి కాగితం రాయడం ఇందుకొక ముఖ్యకారణం.

అందుకే 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటలు నాకు విలువైనవిగా తోస్తాయి. అరెస్టు కాగితంపై తేదీ, వేళ ఉండాలి. ఇంటివారో ఊళ్ళోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. నిర్బంధంలో 48 గంటలకొకసారి వైద్యపరీక్ష జరగాలి. 2020లో అదే కోర్టు స్టేషన్లన్నిటిలో కెమెరాలు పెట్టమన్నది.

ఇవి రాజ్యస్వభావాన్ని మార్చవు, నిజమే. కాని ఆ కుర్రవాణ్ణి సోమవారమే కాగితం మీద ఎక్కించి, బుధవారంలోగా ఒక డాక్టరు చూచి ఉంటే? సమాజం మారేదాకా ఆగమని ఆ తల్లితో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

విద్యార్థి మిత్రులారా, మీ వీధిలో ఎవరినైనా పట్టుకుపోతే ముందుగా గడియారం చూచి వేళ రాసిపెట్టుకోండి. అది కోర్టులో నిలవవచ్చు, నిలవకపోవచ్చు. అదీ లేకుంటే మిగిలేది పోలీసు కాగితమొక్కటే.