కెమెరా తేవద్దన్న అడ్మిన్ సార్

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి బెంగళూరు హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కే బైకులన్నీ దాదాపు ఒక్కచోటికే పోతాయి. నంది హిల్స్‌లో సూర్యోదయం, ఒక రీల్, కాఫీ, మళ్లీ వెనక్కి. నేనూ అలా ఓ పదిసార్లు వెళ్లినవాణ్ణే. ఆ రోజు మాత్రం నంది హిల్స్ మలుపు దగ్గర గుంపంతా ఎడమకి తిరిగిపోతే నేను హైదరాబాద్ హైవే మీద నేరుగా వెళ్లిపోయాను. బ్యాగులో రెండు నీళ్ల సీసాలు, ఒక టోపీ. కెమెరా లేదు. తేవద్దన్నారు.

అన్నది ఒక టెలిగ్రామ్ గ్రూప్ అడ్మిన్. పక్షులంటే ఇష్టమున్న తెలుగువాళ్ల గ్రూప్ అది. పేరు రాయను. అందులో మూడేళ్లు ఉన్నాను. ఆఫీసులో బిల్డ్ రన్ అవుతున్నంతసేపు చూసుకోవడానికి అంతకంటే మంచి కాలక్షేపం నాకు దొరకలేదు. ఎవరో ఫొటో పెడతారు, ఇంకెవరో 'ఇదేం పిట్ట?' అంటారు, ఇద్దరు ముగ్గురు వాదించుకుంటారు, చివర్న అడ్మిన్ సార్ వచ్చి ఒక్క ముక్కలో తేలుస్తారు. 'ఆడ కోకిల.' అంతే. ఎమోజీ కూడా ఉండదు. డీపీలో పాలపిట్ట. ఎవరు, ఎక్కడుంటారు అన్నది ఎవరికీ తెలియదు. రిటైరైన ఫారెస్ట్ ఆఫీసర్ అయ్యుంటారని మా అందరి అంచనా.

గ్రూపుకి మూడు రూల్స్. గూడు ఫొటో పెట్టకూడదు. గూడున్న చోటు చెప్పకూడదు. 'సైబీరియా పక్షులు' అని రాసేముందు పుస్తకం తిరగేయాలి. ఈ మూడోది చదివి మొదట్లో నవ్వుకున్నాను.

మిగతా రెండూ నేనే విరగ్గొట్టాను.

పోయిన ఏడాది కొత్తగా డ్రోన్ కొన్నాను. 250 గ్రాముల లోపుది, నడపడానికి లైసెన్స్ అక్కర్లేదు. ఆ ధైర్యంతో ఒక ఊరి చెరువు పక్కన చెట్ల మీద గూళ్లు కట్టుకున్న ఎర్రకాళ్ల కొంగల పైకి ఎగరేశాను. (ఊరి పేరెందుకు చెప్పట్లేదో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది.) కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. తెల్లటి రెక్కలు, నల్లటి అంచులు, తోక దగ్గర గులాబీ రంగు, కింద ఆకుపచ్చ నీళ్లు. 40 సెకన్ల వీడియో. గ్రూప్‌లో పెట్టాను, లొకేషన్‌తో సహా. పది నిమిషాల్లో వీడియో లేదు. పదకొండో నిమిషంలో నేనూ లేను.

ఒళ్లు మండిపోయింది. అడ్మిన్‌కి విడిగా పెద్ద మెసేజ్ పెట్టాను. మీరేమైనా ఆ కొంగలకి ఓనరా, ఒక హెచ్చరికైనా ఇవ్వకుండా తీసేయడం ఏం పద్ధతి, ఇలాంటివన్నీ. రాత్రి జవాబొచ్చింది.

'పైకి లేచినవాటిని తీసినారు. కింద పడిన పిల్లను చూసుకోలేదు.'

చూసుకోలేదు, నిజమే. నా కళ్లు స్క్రీన్ మీదున్నాయి. వీడియో మళ్లీ పెట్టి చూశాను. ముప్ఫై ఒకటో సెకనులో ఎడమవైపు చెట్టు మీంచి తెల్లగా ఏదో జారుతుంది. ఈక అనుకోవచ్చు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. దాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

సారీ అని రాస్తే జవాబు లేదు. నెల తర్వాత మళ్లీ రాశాను, ఒకసారి కలవచ్చా అని. అప్పుడొచ్చింది: 'ఆదివారం ఏడుకు వీరాపురం. నీళ్లు, టోపీ. కెమెరా వద్దు.'

వీరాపురం పేరు రాయడానికి ఇబ్బంది లేదు. పత్రికల్లో, టీవీల్లో ఎన్నోసార్లు వచ్చిన ఊరే. శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం. 2022కి ముందు అనంతపురం జిల్లా. బెంగళూరు నుంచి చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటితే ఆంధ్ర సరిహద్దు. నిజానికి సరిహద్దు ఎక్కడుందో చెవికి తెలియదు. బాగేపల్లిలో టీ కొట్టాయన నాతో మాట్లాడింది తెలుగే. కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర హైవే వదిలి ఎడమకి తిరిగితే రాళ్ల గుట్టలు మొదలవుతాయి. ఎవరో బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి మర్చిపోయినట్టుంటాయి. అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్తే లేపాక్షి. రావణుడు రెక్కలు నరికితే జటాయువు పడిందక్కడేననీ, రాముడు 'లే పక్షీ' అన్నాడనీ కథ. కింద పడిన పక్షి గురించి సంజాయిషీ చెప్పుకోవడానికి పోతూ ఆ బోర్డు చదవడం ఎలా ఉంటుందో చెప్పను.

ఊరు చేరకముందే వాసనొచ్చింది. చేపల మార్కెట్ మధ్యాహ్నం వాసన. తర్వాత చప్పుడు. పెద్ద కొంగలకి అరుపు లేదు, ముక్కులు టకటకా కొడతాయి. దూరం నుంచి చెక్కభజన జరుగుతున్నట్టుంటుంది. ఆపైన పిల్లల గోల వేరే. తలెత్తితే చింతచెట్టు. చెట్టు నిండా పుల్లల గూళ్లు, గూటికొకటి రెండు కొంగలు, పొడుగాటి పసుపు ముక్కుతో. అవి ఉన్నది అడవిలో కాదు, ఇళ్ల మధ్య. కింద మేకలు, ఒక నులక మంచం, పళ్లు తోముకుంటున్న పెద్దాయన. పెంకుల మీద సున్నం వేసినట్టు రెట్టలు. టోపీ ఎందుకు తెమ్మన్నారో అప్పుడు తెలిసింది.

ఫోన్ మోగింది. 'చింతమాను కింద అరుగు మీద ఉండా. ఇటు చూడు.'

ఆడగొంతు. అరుగు మీద యాభై అయిదేళ్ల ఆవిడ, తలకి తుండుగుడ్డ చుట్టుకుని, పక్కన స్టీలు క్యారియర్. నేను ఇంకా అటూ ఇటూ చూస్తున్నాను, సార్ ఎక్కడా అని.

"నేనే నాయనా మీ అడ్మిన్ సార్‌ని. కూర్చో."

హిందూపురంలో టైలరింగ్ షాపు. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, మార్చిలో స్కూలు యూనిఫాంలు. కుట్టు మిషన్ పక్కనే ఫోన్ స్టాండు. వెయ్యి మందికి పైనున్న గ్రూప్‌ని ఆవిడ బాబిన్ మార్చే సందులో నడిపిస్తారు. అందరూ సార్ సార్ అంటుంటే ఒక్కసారైనా సరిదిద్దలేదేంటమ్మా అని అడిగాను.

"మొదట్లో నా పేరే ఉండె. 'ఆంటీ, ఫోన్ నంబర్ ఇస్తారా' అనేవాడొకడు, 'వంట చూసుకోండి' అనేవాడొకడు. పాలపిట్టను పెట్టినాక ఎవురూ నోరెత్తలేదు. సార్ అంటే అననీ. పని జరుగుతాంది గదా."

పక్షులెలా తెలుసన్నది దానంతటదే బయటికొచ్చింది. హిందూపురం చింతపండు మార్కెట్‌కి పేరు. వాళ్ల నాన్న చింతపండు వ్యాపారి. కాయ చెట్టు మీద ఉండగానే పల్లెలు తిరిగి చెట్టుకింత అని ధర మాట్లాడుకునేవాడట. ఆవిడకి పదేళ్లప్పుడు బిడ్డని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఈ ఊరికే వచ్చాడు. పెద్ద చెట్టు, విరగ కాసింది. ఎంతిస్తానన్నా చెట్టు ఆసామి ఒప్పుకోలేదు. "ఆడబిడ్డలు కాన్పుకొచ్చినారు. ఈ చెట్టు కాయ అమ్మేది లేదు" అన్నాడు. నాన్న దారంతా తిట్టుకుంటూనే ఉన్నాడట. "నేను మాత్రం ఎనక్కి తిరిగి చూస్తానే ఉండా. ఆడబిడ్డలు ఏరీ, కొంగలే కనిపిస్తాండాయే అని."

ఇది ఈ ఊరి మాట. సంక్రాంతి తర్వాత వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లలకి రెక్కలొచ్చాక ఆగస్టుకల్లా వెళ్లిపోయే ఈ కొంగల్ని పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లలని అంటారు. వినడానికి ముద్దుగా ఉంటుంది, రీల్‌కి మంచి క్యాప్షన్ కూడా. కానీ లెక్క చూడండి. చింతకాయ దులిపేది సరిగ్గా గూళ్లు పడే నెలల్లోనే. చెట్టెక్కి కొమ్మలు కదిలిస్తే గూళ్లుండవు. గూళ్లుంటే పండు రాదు. చెట్టున్న ఇంటికి ఏటా వచ్చే డబ్బు అది. దానికి తోడు ఈ వాసన, ఆరేసిన బట్టల మీద రెట్టలు, గూట్లోంచి జారే చేపముక్కల కోసం కుక్కల పోట్లాట. పురిటి ఖర్చు పుట్టింటిదే కదా.

ఎండెక్కింది. ఆవిడ నన్ను ఒక గోడ నీడలో కూర్చోబెట్టి, "ఆ గూడొక్కటే చూడు, గంటసేపు" అన్నారు. గంటసేపు ఒక్క గూడుని చూడటం ఎప్పుడైనా చేశారా? మొదటి పది నిమిషాలు చెయ్యి జేబులోకి వెళ్తూనే ఉంది, ఫోన్ కోసం. తర్వాత మెల్లగా కనపడటం మొదలైంది. తల్లో తండ్రో తెలియదు, పెద్దది ఎండకి అడ్డంగా నిలబడి రెక్కలు సగం విప్పింది, గొడుగులాగా. దాని నీడలో మూడు పిల్లలు. ఎండ జరిగేకొద్దీ అదీ జరుగుతోంది. కాసేపటికి రెండోది వచ్చి, తెచ్చిన చేపల్ని గూట్లో కక్కింది. మళ్లీ వెళ్లి నీళ్లు తెచ్చి పిల్లల మీద నోట్లోంచి కారబోసింది. ఈలోగా ఒక కాకి పక్క కొమ్మ మీద, ఏ తొందరా లేకుండా, కూర్చునే ఉంది.

"ఆ పెద్దది లేచి ఐదు నిమిషాలు లేదనుకో. ఏమైతది?"

నేను జవాబు చెప్పలేదు. గుడ్లయితే కాకి, పిల్లలైతే ఎండ. లేదంటే బెదిరి అంచుకొచ్చి పడటం.

"ఆ పిల్ల ఏమైంది?" అని అడిగాను చివరికి. ఇంతదూరం వచ్చింది ఆ ప్రశ్న కోసమే.

"ఆ ఊర్లో మేకలు కాసే పిల్లోడు మన గ్రూప్‌లోనే ఉండాడు. వాడే చెప్పింది. చేపలు తెచ్చి పెట్టినాడు. మూడో దినం పోయింది."

చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే క్యారియర్ విప్పారు. చిత్రాన్నం, పక్కన వేరుశనగ పొడి. తింటూ మూడో రూల్ సంగతి అడిగాను. ఎర్రకాళ్ల కొంగలు మన దేశానివే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి చెరువు చెరువూ మారతాయి తప్ప సైబీరియా ముఖం చూసి ఎరగవు. "యాడిదో అతిథి అంటే ఫొటో తీసుకొని పోతారు. మన బిడ్డే అంటే చెరువులో నీళ్లేవీ అని అడగాల. అందుకే సైబీరియా అంటారు" అన్నారు. ఇందులో కొంత కోపం ఎక్కువుందేమో కానీ, ఆ తర్వాత ఏ పేపర్లో 'విదేశీ అతిథులు' అని హెడ్డింగ్ చూసినా నాకూ ఆ మాటే గుర్తొస్తోంది.

గూళ్ల అడ్రస్ దాచడం గురించి మాత్రం ఆవిడ కథ చెప్పలేదు, కొల్లేరు చెప్పారు. కొల్లేరు దగ్గర ఆరేడులో గూడబాతులు పెద్ద ఎత్తున గూళ్లు పెట్టడం గురించి కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు 1949లో రాశారు. 1970లు వచ్చేసరికి అక్కడ గూళ్లు లేవు. ఇప్పుడు కొల్లేట్లో గూడబాతుల్ని చూడాలంటే ఆటపాక వెళ్లి, మనుషులు కట్టిన మంచెల మీద చూడాలి. "పోయిన చోటికి అవి మళ్లీ రావు అని కాదు. వచ్చేదానికి మన ఆయుష్షు చాలదు" అన్నారు.

వెళ్లేముందు సంచిలోంచి ఒక నోటుబుక్ తీశారు. సగం పేజీల్లో జాకెట్ కొలతలు. వెనక నుంచి గ్రూప్‌లో తీసేసినవాళ్ల పేర్లు, తేదీలు, కారణాలు. నా పేరు ఎదురుగా 'డ్రోన్. పిల్ల ఒకటి.' అని ఉంది. ఇవన్నీ ఎందుకు రాసుకుంటారమ్మా అన్నాను. ఆఫీసులో మేం రాసే లాగ్స్ ఎవడూ తెరిచి చూడడు, అందుకే ఆశ్చర్యం.

"మళ్లీ చేర్చుకోవాల గదా, మర్చిపోతానని."

నన్నెప్పుడు చేర్చుకుంటారని అడిగే ధైర్యం చాల్లేదు. ఆవిడే అన్నారు, "కొంగలు పోయేదాకా ఆగు. అందాకా నెలకో ఆదివారం వచ్చి గూళ్లు లెక్కపెట్టు. నా మోకాళ్లు నడవనిస్తల్లేవు."

డ్రోన్ అమ్మేశాను. అది పెద్ద త్యాగమేం కాదు, సగం డబ్బులొచ్చాయి. లెక్కకి మాత్రం పోతున్నాను. అనుకున్నంత తేలిక కాదది. గూడు వెనక గూడుంటుంది, ఆకుల్లో దాక్కుంటుంది, అటు నుంచి చూసిందే ఇటు నుంచి కొత్తగా కనిపిస్తుంది. మొన్న ఊరికి తూర్పున ఉన్న చెట్లు పూర్తి చేసి, రోడ్డు పక్కన బైక్ ఆపి మెసేజ్ పెట్టాను: '43.'

మిషన్ మీద ఉన్నట్టున్నారు, అరగంటకి జవాబొచ్చింది.

'41. మూల చెట్టు రెండుసార్లు లెక్కపెట్టినావు. మళ్లీ పో.'