సంగం నుంచి ఊటుకూరు దాకా

పెన్న నందికొండల్లో పుట్టి, కడప దాటి, సోమశిల డ్యాంలో ఆగి వస్తుంది. నెల్లూరు జిల్లా కయ్యలకు దాని పని మాత్రం సంగంలోనే మొదలు. బీరాపేరు, బొగ్గేరు కలిసే ఆ చోట 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ వచ్చింది. అక్కడ మళ్లిన నీళ్లు కనిగిరి రిజర్వాయరు నింపి, బుచ్చి, కోవూరు, విడవలూరు పొలాలకు పారతాయి.

బుచ్చిరెడ్డిపాళెం అని పూర్తిగా పలికేవాళ్లు తక్కువ. బస్సులో కండక్టరు కేకా ‘బుచ్చి’ అనే. మిగతా రాష్ట్రం ఖరీఫ్ కోతల్లో ఉంటే ఇక్కడ నారుమళ్లు పోస్తారు. ఈశాన్య రుతుపవనాల వానలే ఈ సీమకు ఆధారం. ఆ పంట ఇంటికొచ్చాక, డ్యాంలో నీళ్లు మిగిలితే రెండో పంట, ఎడగారు. అందుకే 78 టీఎంసీల సోమశిలలో ఎంత నిల్వ ఉందన్నది రైతుతో పాటు ఎరువుల కొట్టు, బట్టల కొట్టు కూడా లెక్కేసుకుంటాయి. అప్పు పుట్టేదీ పెళ్లి ముహూర్తం కుదిరేదీ దాన్ని బట్టే.

కోతల రోజుల్లో టీకొట్టు దగ్గర ఒకటే మాట: ‘పుట్టి ఎంత పోతోంది?’ ఇక్కడ పుట్టంటే 850 కిలోలు. మిషన్ కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. రోడ్డు వారన ఆరబోసిన వడ్లలో ఒకామె కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది. పాదాల వెనక చాళ్లు పడతాయి, అడుగు గింజ పైకొస్తుంది. ఆ చివర దాకా పోయి, అడ్డంగా మళ్లీ మొదలుపెడుతుంది. ఎండ దిగేలోగా ఎన్నిసార్లో! ఈ నడక కూలీ ఏ పంట ఖర్చు లెక్కలోనూ నేను చూడలేదు.

జొన్నవాడ కామాక్షమ్మకు దణ్ణం పెట్టుకుని దిగువకు వస్తే కోవూరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. పక్కనే పాటూరులో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. 2021 నవంబరు వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మామూలు రోజుల్లో ఇసుక లారీలు తిరిగే ఏరు ఇదే.

నెల్లూరులో 1855 నాటి ఆనకట్ట చోట ఇప్పుడు కొత్త బ్యారేజీ. అది దాటాక ఇందుకూరుపేట వైపు వరికయ్యలు తగ్గి రొయ్యల గుంటలు పెరుగుతాయి. పొద్దుగూకే వేళ కాపలా మనిషి చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేతను వేళ్లతో తడిమి చూస్తాడు. మేత మిగిలిందంటే రొయ్య తినడం లేదు. ఆ రాత్రి అతనికి నిద్ర లేదు. 1990లలో తెల్లమచ్చ తెగులు, 2025లో అమెరికా సుంకాలు - రెండు దెబ్బలూ ఈ గట్ల మీదే పడ్డాయి.

చివరికి ఊటుకూరు, సముద్రం. పైన గేట్లు మూసిన నెలల్లో పోటు నీరు ఏట్లోకి ఎగబాకుతుంది, ఒడ్డు బావుల్లోకి ఉప్పు చేరుతుంది. సముద్రంలోకి పోయే నీళ్లు వృథా అనే మాట నాకు మింగుడుపడదు. ఆ నీళ్లే కదా ఉప్పును వెనక్కి నెట్టేది! కాలవలకు వంతులు వేసినట్టే, బ్యారేజీ దిగువ ఏటికీ ఏడాది పొడుగునా కొంత నీటి వంతు రాయాలి.