అంగుళానికో గజం

టీ వడకట్టే జల్లెడ కనిపించకపోతే మీ ఇళ్ళల్లో ఎవరిని అడుగుతారు? పనిమనిషిని అడుగుతారు. లేదా కాకెత్తుకుపోయిందని సరిపెట్టుకుంటారు. మా ఇంట్లో ఆ బాధ లేదు. నేను తిన్నగా మావారి గదిలోకి వెళ్ళి టేబుల్ లైటు కింద చూస్తాను. ఆవేళా నా అనుమానం వమ్ము కాలేదు. కాడ ఒకచోట, చట్రం ఒకచోట, నడుమ వలలో బొటనవేలి గోరంత ముక్క కత్తిరించేసి, పాపం నా జల్లెడ అక్కడే పడుంది.

"ఇప్పుడు టీ ఎలా వడకట్టనండీ?" అన్నాను.

"గుడ్డతో కానిచ్చెయ్యి. ఇంత సన్నటి కన్ను మళ్ళీ దొరకదు" అన్నారు తలెత్తకుండా. తీరా చూస్తే ఆ గోరంత ముక్క అంబాసిడర్ కారు ముందు జాలీట!

రిటైరైన మగవాళ్ళలో కొందరు గీతాపారాయణం మొదలెడతారు, కొందరు వాకింగుకెళ్ళి పక్కవాళ్ళ బీపీలు తెలుసుకొస్తారు. మావారు బొమ్మకార్లు పట్టుకున్నారు. ఆడుకునే బొమ్మలనుకుంటే పొరబాటు. అసలు కారుని ఇన్నో వంతని లెక్కకట్టి, ఆ కొలతకే అద్దాలూ, దీపాలూ, సీట్లూ అన్నీ అమర్చాలి. చూసినవాడు, పక్కన చెయ్యి కనబడకపోతే, నిజం కారే అనుకోవాలి. అదీ పందెం. ఇంగ్లండులో జాక్ ఓడెల్ అనే ఆయన కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు తప్ప తీసుకురాకూడదని నియమం పెట్టారట. ఆయన పట్టుబట్టి అగ్గిపెట్టెలో పట్టే రోడ్డురోలరు చేసిచ్చాడు. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ కార్లకి మూలం అదేనని చెబుతారు. ఆ ఇల్లాలి జల్లెడ గతి ఏమయిందో ఎవరూ రాయలేదు.

మొదట్లో ఏవో విదేశీ కార్లు చేశారు. నేను పట్టించుకోలేదు. ఒకరోజు ఉన్నట్టుండి, "నీకే కారు చేసిపెట్టమంటావు?" అన్నారు. చీర కొనిపెట్టమంటావా అన్నంత ధీమాగా. నేనూ ఆలోచించకుండానే "మా నాన్నగారి కారు" అనేశాను.

మా నాన్నగారు రామచంద్రపురంలో డాక్టరు. 1966లో సెకండ్‌హాండ్ అంబాసిడర్ కొన్నారు. అప్పటికి నాకు ఏడాది. పల్లెల్లో పురుళ్ళకి అర్ధరాత్రి వెళ్ళాలంటే అదే దిక్కు. 1981లో అమ్మేశారు. అమ్మ ఆ వేళ వంటింట్లోంచి బయటికి రాలేదు.

అంబాసిడర్ అంటే మనందరికీ తెలిసిందే అనుకుంటామా, అదీ తేలిగ్గా లేదు. ఇంగ్లీషువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసుని తీసుకొచ్చి కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారుచేశారు. 2014లో ఆపేసేదాకా ఒళ్ళంతా ఇంచుమించు అదే, మొహం మాత్రం మార్చుకుంటూ పోయారు. నాన్నగారిది 1962లో వచ్చిన మార్క్ టూ. దానికి ముందు జాలీ సన్నటి గళ్ళగళ్ళుగా ఉంటుంది. బజార్లో దొరికిన ప్లాస్టిక్ అంబాసిడర్, వెనక్కి లాగి వదిలితే పరిగెత్తేది, తరవాతి మొహంతో ఉంది. మావారు స్కేలు పెట్టి కొలిచారు. పన్నెండు సెంటీమీటర్లు. అసలు కారు నాలుగు మీటర్ల ముప్ఫై. "ముప్ఫయ్యారో వంతు!" అని ప్రకటించారు. నా లెక్క నేను వేసుకున్నాను. అంటే అంగుళానికి గజమన్నమాట. ఆ లోకంలో ఆరుగజాల చీర ఆరంగుళాలు. నేను రెండంగుళాలు కూడా ఉండను.

ఇక చూడండి, మా ఇంట్లో వేటమొదలైంది. విడిభాగాలు ఎక్కడో సీమలోంచి రానక్కరలేదు, సగం నా కుట్టుమిషను డబ్బాలోనే ఉన్నాయని ఆయనకి తెలిసిపోయింది. టిచ్ బటన్ల మూతలు చక్రాల మీద బిళ్ళలయ్యాయి. చమ్కీలు హెడ్‌లైట్ల వెనక అద్దాలయ్యాయి. వాటి మీద ఒక బొట్టు ఫెవికాల్ వేస్తే, తెల్లగా ఉన్నది ఆరాక గాజులా తేరి, అచ్చం దీపమే. వెనక ఎర్రదీపాలకి నా స్టిక్కర్ బొట్ల మీది రాళ్ళు ఊడదీశారు. రేడియో కడ్డీ గుండుసూది. బంపర్ల తళతళకి వెండిరంగు పూస్తే అల్యూమినియం గిన్నెలా ఉందట. చాక్లెట్ చుట్టిన రేకుని జిగురు రాసి పరిచి, దూదిపుల్లతో రుద్ది రుద్ది, బ్లేడుతో అంచు కోస్తే అప్పుడొచ్చింది నికెల్ మెరుపు. ఆ చాక్లెట్లన్నీ ఎవరు తిన్నారని అడక్కండి, షుగరున్న మనిషి ఇంట్లో ఇంకొకరున్నారు, అది నేను కాదు.

ఎక్కడైనా సందు మిగిలితే క్షణంలో అతుక్కునే జిగురొక చుక్క వేసి పైన వంటసోడా చల్లుతారు. అంతే, రాయి. ఈ రహస్యం తెలిశాక ఇడ్లీపిండిలో సోడా వేస్తుంటే చెయ్యి వణుకుతోంది నాకు.

అన్నీ విజయాలే అనుకోకండి. అదే జిగురుతో ముందు అద్దం అతికించారు. తెల్లారి చూస్తే అద్దమంతా తెల్లటి పొగ పట్టేసింది, ధనుర్మాసపు తెల్లవారుజాములా. ఆ జిగురు ఆవిరి అద్దాన్ని అలా చేస్తుందట. మిఠాయి డబ్బా మూత కోసి కొత్త అద్దం చేయాల్సొచ్చింది. ఇంకోరోజు నా గోళ్ళరంగు బాగుందని మడ్‌గార్డు మీద పూశారు. ప్లాస్టిక్కు కరిగి, పాల మీద మీగడలా ముడతలు పడి కూర్చుంది. "కింద ప్రైమరు వెయ్యకపోవడం నా తప్పు" అన్నారు. పట్టుజాకెట్టుకి లైనింగు లేకుండా కుట్టొచ్చా అని నేను ఎప్పుడో అడిగేదాన్ని, నన్ను సలహా అడిగితేగా!

రంగు దళసరి కూడా చిక్కే. కారు మీది రంగు మిల్లీమీటరులో పదోవంతుట. బొమ్మ మీద కుంచెతో అంత దళసరే వేశామంటే, ఆ లెక్కన మూడున్నర మిల్లీమీటర్లు. గోడకి గిలాబా చేసినట్టుంటుంది. అందుకని పెన్నులా చేతిలో ఇమిడే స్ప్రే ఒకటి కొన్నారు. ధర నాకు చెప్పలేదు, నేను బిల్లు చూశానని ఆయనకి చెప్పలేదు.

అంతా సిద్ధమయ్యాక అడిగారు. "ఇంతకీ ఏం రంగు?"

"మీగడ రంగు."

"మీగడలు నలభైరకాలున్నాయి. ఫోటో ఉందా?"

ఉంది. 1972లో తీసింది. నేను బానెట్ మీద గౌనేసుకుని కూర్చున్నాను. నలుపూ తెలుపూ. కారు బూడిదరంగు, నేనూ బూడిదరంగే.

"మీ అన్నయ్యని అడుగు. నీకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆయనా రెట్టించలేదు. మా అన్నయ్యకీ నాకూ మూడేళ్ళుగా మాటల్లేవు. రామచంద్రపురం ఇల్లు అమ్మినప్పుడు లెక్కల దగ్గర మాటామాటా వచ్చింది. తప్పెవరిదని నన్నడిగితే నేనేం చెబుతానో మీకు తెలుసు, మా వదిననడిగితే ఆవిడేం చెబుతుందో నాకు తెలుసు. రంగులేని కారు రెండునెలలు టేబుల్ మీద అలాగే ఉంది. ఉత్త ప్రైమరుతో, ముండనం చేసిన పిల్లాడిలా. నేను ఆ గది తుడిచినప్పుడల్లా అది నన్నే చూస్తున్నట్టుండేది.

చివరికి ఒక ఆదివారం విశాఖపట్నానికి ఫోను చేశాను. వదిన తీసింది. "అన్నయ్యున్నాడా వదినా? చిన్న పని" అన్నాను, ఏదో నిన్ననే మాట్లాడినట్టు.

అన్నయ్య "ఊఁ" అన్నాడు.

"నాన్నగారి కారు ఏం రంగు?"

అవతల ఒక నిమిషం ఏమీ వినబడలేదు. "ఆకుపచ్చ" అన్నాడు.

"ఆకుపచ్చేమిటి! మీగడ రంగు."

"విచ్చుకోని అరటి మొవ్వాకు రంగు. నాకు తెలీదా?"

"నేను దాని మీద కూర్చుని పెరిగాను!"

"నేను దాన్ని కడిగి పెరిగాను!" అని ఫోను పెట్టేశాడు. మూడేళ్ళ తరవాత ఒకే ఒక్క మాట మాట్లాడుకుంటే అదీ పోట్లాటే. మావారు కాఫీ ఇచ్చి, "ఆకుపచ్చా?" అని మాత్రం అడిగారు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి అన్నయ్యే చేశాడు. రాత్రంతా నిద్రపోలేదులా ఉంది. "అమ్మడూ, నువ్వూ రైటే. 1969 నవంబరు తుఫాను గుర్తుందా? నీకెక్కడ గుర్తుంటుందిలే, నాలుగేళ్ళు. కాకినాడ దగ్గర తీరం దాటింది. మన పెరట్లో చింతకొమ్మ విరిగి కారు మీద పడింది. ఎడమవైపు వెనక తలుపు లోపలికి పోయింది. టింకరింగ్ చేయించి నాన్న మొత్తం కారుకి వేరే రంగు కొట్టించారు. నా లెక్కకి కారంటే ముందుదే. తరవాతది రిపేరు చేసిన కారు."

అప్పుడు నాకు తట్టింది. ఎడమ వెనక తలుపు మీద, పిడి కింద, మామిడాకంత పచ్చటి మచ్చ. అది పాకుడు అనుకునేదాన్ని నేను.

ఆ మాట వినగానే మావారి మొహం వెలిగిపోయింది. ముందు పచ్చరంగు కొట్టారు. అసలు మీగడరంగు ఏదో తేల్చడానికి ఈసారి నేనే బయల్దేరాను. ఎక్కడికంటారా? మ్యాచింగ్ సెంటర్‌కి! రెండువందల రకాల జాకెట్టుముక్కల్లో వెతికాను. మీగడా కాదు, గంధమూ కాదు, దోసగింజా కాదు. జున్ను రంగు. ట్యూబులైటు కింద ఒప్పుకోకుండా గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూసి మరీ కొన్నాను. మావారు ఆ రంగు కలిపి, దాంట్లో ఇంకో రెండు చుక్కలు తెలుపు వేశారు. పాడుచేస్తున్నారని నేను మొత్తుకున్నాను. అలా కాదట. ముప్ఫయ్యారో వంతు బొమ్మని అడుగుదూరం నుంచి చూడడమంటే కారుని ముప్ఫయ్యారడుగుల నుంచి చూడడంట. దూరమైనకొద్దీ రంగు పలచనవుతుంది, బొమ్మ మీద కూడా ఆ పలచన ఉండాలి. విన్నాక ఒప్పుకున్నాను.

ఒక్కచోట మాత్రం నాకు ఆశాభంగమయింది. అమ్మ కారు వెనక అద్దాలకి కర్టెన్లు కుట్టింది, చిన్న నీలిపువ్వుల వాయిలు. మిగిలిన ముక్క అమ్మ కుట్టిన బొంతలో ఉంది. ఆ బొంత నా దగ్గరే ఉంది. కుట్టు విప్పి, అంగుళం ముక్క తీసి, ఎంతో సంబరంగా ఇచ్చాను. కిటికీకి పెట్టి చూస్తే ఒక్కొక్క పువ్వు విస్తరాకంత, దారాలు మోకుల్లా! ఆ కారులో ఉన్న అసలు గుడ్డ అదొక్కటే, అదే అబద్ధంలా కనబడింది. మావారు సన్నటి పొట్లం కాగితం మీద సూదిమొనతో నీలిచుక్కలు పెట్టి మడతలు పెట్టారు. అవే నిజం కర్టెన్లలా ఉన్నాయి. ముక్కని తిరిగి బొంతలో పెట్టి కుట్టేశాను.

ఇక మచ్చ. దీనికి మావారు వంటింట్లోకి వచ్చి ఉప్పు అడిగారు. రాళ్ళుప్పు ఇస్తే పెద్దదన్నారు, మెత్తటిది పట్టుకెళ్ళారు. పచ్చరంగు బాగా ఆరాక, తలుపు మీద మచ్చ రావలసిన మేర తడిచేసి, ఉప్పు చల్లి ఆరనిచ్చారు. పైన జున్నురంగు పొరలుపొరలుగా కొట్టారు. అదీ ఆరాక తడికుంచెతో మెల్లిగా రాస్తే ఉప్పురవ్వలు రాలిపోయి, రాలినచోటల్లా కింది పచ్చరంగు బయటపడింది. సరిగ్గా పిడి కింద, పెచ్చులూడినట్టు. నేను భూతద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను. చూపుడువేలి గోరు దానంతటదే కదిలింది.

ఫోటో తీసి వాట్సాప్‌లో అన్నయ్యకి పంపించాను. చూసినట్టు నీలిగీతలు పడ్డాయి. చాలాసేపు జవాబు లేదు. సాయంత్రం వచ్చింది.

"ఆ మచ్చ గీరి గీరి పెద్దది చేసింది నువ్వే కదూ? నాన్న నన్ను కొట్టారు దానికి."

అవును, నేనే. ఆరో ఏడో ఏళ్ళుంటాయి. పెచ్చు లేపితే కింద పచ్చగా వస్తుంటే సరదాగా ఉండేది. అన్నయ్య దెబ్బలు తింటుంటే నేను తలుపు వెనక నించున్నాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఏం రాయాలో తోచక, చివరికి "అవును" అని రాశాను.

"పండక్కి వస్తాను. కారు చూడాలి" అని వచ్చింది. ఇంటి లెక్కల ఊసు అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కారు ఇప్పుడు హాల్లో బీరువా మీద ఉంది. టైర్లని గరుకుకాగితంతో రుద్ది నలుపు మెరుపు తీసేశారు, నల్ల పలక మీద తెల్లక్షరాలతో ఏ.పీ. నంబరు కూడా పడింది. మడ్‌గార్డుల కింద పల్లెరోడ్ల దుమ్ము. నిజం మట్టి జల్లించి వేస్తే గులకరాళ్ళలా కనబడిందని, సుద్దముక్కలు నూరి అద్దారు. నాకు ఒకటే ఆంక్ష. పొద్దున్న ఇల్లంతా దులిపినా, ఆ బీరువా జోలికి మాత్రం గుడ్డ పట్టుకుని వెళ్ళకూడదు. మూడువారాలు కష్టపడి వేసిన దుమ్మట అది.