మా అన్నగారి కారు చక్రములు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము పంపుమని సంపాదకవర్గమువారు పూర్వవిద్యార్థినగు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. సాహిత్యమును గూర్చి వ్రాయుటకు నాకు శక్తి చాలదు. గడచిన జనవరి మాసమున విశాఖపట్టణములో మా యింటి పెరటియందు ఒక పాత కారు చక్రములకు రంగు ఊడదీసి, మఱల క్రొత్త రంగు వేసితిని. ఆ పనిలో నేను రెండు పొరపాటులు చేసితిని. అందు మొదటిది మన పాఠశాల రసాయన ప్రయోగశాలకు సంబంధించినది గనుక, ఈ పత్రికలో చోటు పొందుటకు దానికి కొంత హక్కు కలదని తలంచుచున్నాను.

ఆ కారు మా అన్నగారిది. 1991 లో కొన్న మారుతి 800. ఆయన 2021 లో ప్రభువునందు నిద్రించిరి. మా రెండిండ్లును ఒకే ఆవరణములోనివి గనుక, అప్పటినుండి ఆ కారు షెడ్డులో దుమ్ము పట్టి యుండుట ప్రతిదినమును నా కంటబడుచుండెను. అన్నగారు దానిని కొన్న రెండేండ్లకు ఎంతో ముచ్చటపడి మద్రాసునుండి నాలుగు అల్లాయ్ చక్రములు తెప్పించిరి. సామాన్యముగా కారు చక్రములు ఉక్కు రేకును అచ్చునొత్తి చేయబడును. ఈ అల్లాయ్ చక్రములు అట్లుగాక, అల్యూమినియములో నూటికి ఏడు పాళ్ల వఱకు సిలికానును, అత్యల్పముగా మెగ్నీషియమును కలిపి కరగించి పోత పోసినవి. 1924 లో ఫ్రాన్సు దేశమున లియోన్ నగరము చెంత జరిగిన పెద్ద పందెములో బుగాటీవారి 35 వ నమూనా కార్లు పోత పోసిన అల్యూమినియపు చక్రములతో దిగినవి. వానికి ఎనిమిదేసి చదునైన ఆకులు. బండి చక్రపు ఆకులను చూచి పెరిగిన మనకు ఆ చిత్రము ఏమంత వింతగా తోచదు. అన్నగారి చక్రములకును ఎనిమిది ఆకులే. ఆయనకు ఆ చక్రములు నచ్చుటకు కారణము అదియే యని నా ఊహ.

అయితే ఆ నాలుగింటిలో మూడు మాత్రమే కారుకు ఉండెను. ఎడమవైపు వెనుక నల్లని ఉక్కు చక్రమొకటి ఉండెను. నాలుగవ అల్లాయ్ చక్రము షెడ్డు గోడకు పెద్ద మేకున వ్రేలాడుచుండెను. ఇరువది యేండ్లకు పైగా ఇదియే స్థితి. మా వీధి బాలురు దానికి ‘కుంటి కారు’ అని పేరు పెట్టిరి. నేనును తక్కువ తినలేదు. ఒక పెండ్లికి వెళ్లినపుడు బంధువులందఱి యెదుట, “మూడు కాళ్లకు బూట్లు తొడిగి నాలుగవ కాలికి మఱచితివా, అన్నయ్యా?” అని పరిహసించితిని. అందఱును నవ్విరి. ఆయనయు నవ్వి ఊరకుండిరి.

వారి కుమార్తె నర్సింగు విద్య ముగించి అనకాపల్లిలో ఒక ఆసుపత్రియందు ఉద్యోగమునకు కుదిరినది. తండ్రి కారునే తాను నడుపుకొని పోవలెనని ఆమె పట్టుదల. ఇంజనును, బ్రేకులను ఒక మేస్త్రీ చేత బాగుచేయించితిమి. చక్రముల పని నేను పైన వేసికొంటిని.

“బాబాయీ, నాలుగు చక్రములును ఒక్క తీరుగా ఉండవలెను. నాన్నగారి కారును ఇకమీదట ఎవ్వరును కుంటిది అనగూడదు” అని ఆమె నాతో చెప్పెను. అట్లే యగుగాక యని మాట ఇచ్చితిని.

టైర్లను అంగడిలో ఊడదీయించి, చక్రములను పెరటిలోనికి దొర్లించుకొని వచ్చితిని. సముద్రపు గాలి ఎంతటి పని చేయునో అప్పుడు చూచితిని. పైనున్న పారదర్శకమగు వార్నీషుపై ఎక్కడ గీత పడెనో అక్కడనుండి ఉప్పు లోపలికి ప్రాకి, రంగు క్రింద తెల్లని పురుగులు నడచిన జాడలవంటి వంకరగీతలు చేసియుండెను. వ్రేలితో తాకిన చోటనెల్ల పెచ్చులు ఊడి, క్రింద తెల్లని పొడి కనబడెను. ఇట్టి దానిపై క్రొత్త రంగు వేసినను నిలువదు. పాతదంతయు తీసివేయవలసినదే.

ఇక నా మొదటి పొరపాటు. రంగును ఊడదీయు ద్రావకములలో కొన్నిటియందు డైక్లోరోమీథేను అను ద్రవము ఉండును. దాని ఆవిరి మూసిన గదిలో మనుష్యుని ప్రాణమునే తీయగలదు. అమెరికా ప్రభుత్వమువారు 2019 లో రంగు ఊడదీయుటకై దానిని గృహస్థులకు అమ్మరాదని నిషేధించిరి. ఇది చదివి భయపడి, మూలనున్న కాస్టిక్ సోడా డబ్బాను తీసితిని. పాత కిటికీ తలుపుల రంగు దానితో ఊడదీయుట చిన్ననాట చూచియుంటిని. తొట్టిలో నీరు పోసి, సోడా కలిపి, ఒక చక్రమును అందు దింపితిని.

నిమిషములో బుడగలు లేచెను. మఱి కొంతసేపటికి తొట్టి అంచు వేడెక్కెను. నీరు మసలినట్లు నురుగు పొంగెను. అప్పుడు, చదువరులారా, నలువది యేండ్లనాటి తొమ్మిదవ తరగతి గది నా కన్నులకు కట్టెను. సైన్సు మాస్టరుగారు పరీక్షనాళికలో కాస్టిక్ సోడా ద్రావణము పోసి, అల్యూమినియపు ముక్క వేసి, దాని మూతికడ వెలిగించిన అగ్గిపుల్ల చూపగా ‘టప్’ మని శబ్దమయ్యెను. అది హైడ్రోజను. ఆ సమీకరణమును పరీక్షలో తప్పు లేకుండ వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకొన్నవాడను నేనే! కఱ్ఱతో చక్రమును పైకి లాగి, చాలసేపు నీళ్లతో కడిగితిని. రంగు పోయెను గాని లోహము బొగ్గువలె నల్లబడెను. అల్యూమినియము సోడాలో కరగిపోగా, కరగని సిలికాను మసివలె పైన మిగిలినదన్న మాట. ఆ మసిని తోమి, గుంటలు పడిన ముఖమును మఱల చదును చేయుటకు నాకు రెండు పూర్తి దినములు పట్టెను. ఒక చుక్క కంట బడియుండినచో ఈ వ్యాసము వ్రాయుటకు నాకు కన్నులే లేకపోయెడివి.

తక్కిన మూడింటికి ఆ డైక్లోరోమీథేను లేని చిక్కని లేపనము తెచ్చి, ఆరుబయట, రబ్బరు చేదొడుగులును కంటి అద్దములును ధరించి పని చేసితిని. లేపనమును దట్టముగా పూసి, ఆరిపోకుండ ప్లాస్టిక్ కాగితము కప్పి, అరగంట ఊరకుండవలెను. పిమ్మట కాగితము తీసి చూడగా, కాగిన పాలపై మీగడ వలె రంగు ముడుతలు పడి లేచియుండును. ఆ మీగడను చెక్క బద్దతో తీయుటలో నాకు కలిగిన ఆనందమును చెప్పజాలను. లోహపు గరిటె వాడరాదు. అల్యూమినియము మెత్తనిది, గీతలు పడును.

గోడ మేకున నున్న చక్రమును చివరకు తీసితిని. దాని లోపలివైపు, అంచునకు దగ్గఱగా, ఎఱ్ఱ రంగుతో వేసిన గుణకారపు గుర్తు వంటి గీత యొకటి, బొటనవ్రేలి గోరంత, కనబడెను. పిల్లలెవరో గీచియుందురని తలంచి, లేపనము పూసి, ఒక్క తుడుపుతో దానిని తీసివేసితిని. నా రెండవ పొరపాటు ఇది. అప్పుడు నాకది పొరపాటని తెలియలేదు.

ఉప్పుకాగితముతో రుద్దుటను గూర్చి పెంచి వ్రాయను. 120 నంబరుతో మొదలిడి, 240, 400, 600 వఱకు, నీటితో తడుపుచు రుద్దితిని. ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలెను. 1960 ప్రాంతములలో ఇంగ్లండులో ప్రసిద్ధికెక్కిన మినిలైట్ చక్రములు మొదట మెగ్నీషియముతో చేసినవి. మెగ్నీషియపు ధూళికి నిప్పు అంటుకొన్నచో నీళ్లు పోసిన కొలది మఱింత మండును. అందుచేత పాత చక్రమును రుద్దుటకు ముందు లోపలివైపున గీకి ఒక చుక్క వెనిగరు వేసి చూతురు. మెగ్నీషియమైనచో వెంటనే బుసబుస పొంగును. మా చక్రములపై ఆ చుక్క నిశ్శబ్దముగా కూర్చుండెను.

మా తండ్రిగారు వాల్తేరు లోకోషెడ్డులో పనిచేసిన వారు. ఆవిరి యంత్రముల కాలములో ఉక్కు భాగములలో కంటికి కనబడని పగుళ్లను కనుగొనుటకు రైల్వే కార్ఖానాలలో నూనెయు సుద్దయు వాడెడివారు. నూనె పూసి, పగులులోనికి ఇంకనిచ్చి, పైనంతయు పొడిగా తుడిచి, సుద్ద పూసిన యెడల, లోపల దాగిన నూనె మెల్లగా ఊరి సుద్దపై గీతగా తేలును. రంగు వేయుటకు ముందు ఆ పరీక్ష చేయవలెనని నాకు తోచెను. ఇది నా తెలివి గాదు, తండ్రిగారి అలవాటు. చక్రములను చెక్క సుత్తితో తట్టి చూడగా నాలుగును ఒకే తీరుగా మ్రోగినవి. కిరసనాయిలు పూసి రాత్రియంతయు ఉంచి, ఉదయమున తుడిచి, స్పిరిటులో కలిపిన సుద్దపొడిని పలుచగా పూసితిని. అది ఆరి సున్నము కొట్టిన గోడవలె తెల్లబడెను. మూడు చక్రములు అట్లే తెల్లగా నిలిచినవి. నాలుగవదానిపై, అంచునుండి ఆకువైపునకు, ఐదు సెంటీమీటర్ల పొడవున, వెంట్రుకవంటి నల్లని తడి గీత మెల్లమెల్లగా తేలెను.

సరిగా ఆ ఎఱ్ఱగీత యున్న చోటనే.

ఆ చక్రమును ఒడిలో పెట్టుకొని చాలసేపు కూర్చుంటిని. వదినగారిని పిలిచి చూపితిని. ఆమె కొంత తడవు ఆలోచించి చెప్పినది: 1999 లో ఒకనాటి రాత్రి శ్రీకాకుళమునుండి వానలో వచ్చుచుండగా బండి పెద్ద గోతిలో పడెనట, మఱునాడే అన్నగారు ఆ చక్రమును తీసి ఉక్కుది బిగించిరట. “ఎందుకని అడిగితిని. ‘అది కొన్నాళ్లు విశ్రాంతి తీసికొనును’ అనిరి. అంతకు మించి చెప్పలేదు” అని ఆమె అనెను. 1999 లో నా శస్త్రచికిత్సకు పదునెనిమిది వేల రూపాయలు తెచ్చి ఆసుపత్రిలో కట్టినవారు అన్నగారే. ఆ సంగతి నాకు తెలియును. మఱియొక చక్రము కొనుటకు ఆ యేడు ఆయన చేత డబ్బు లేదన్న సంగతి మాత్రము నేనెన్నడును ఆలోచింపనైతిని. పెండ్లిలో బూట్ల పరిహాసము చేసినది ఆ మఱుసటి సంవత్సరమే.

సాయంకాలము అమ్మాయి వచ్చినది. గీతను చూచి, “అతుకు వేయించరాదా, బాబాయీ?” అని అడిగెను. పట్టణములో ఒక పనివాడు వెల్డింగు చేసి, పుట్టీ పెట్టి, ఎవ్వరును పట్టుకొనలేనట్లు రంగు వేసియిచ్చెదనని అంతకుముందే నాతో చెప్పియుండెను, కూలియు తక్కువయే. నేను ఒక పూటయెల్ల ఆ మాటనే తలంచుచుంటినని ఒప్పుకొనుచున్నాను. పగులు లోపలివైపున నున్నది, చిన్నది, మాట ఇచ్చితిని. కాని పోత పోసిన యీ లోహమునకు బలము వచ్చునది ఉష్ణసంస్కారమువలన: దాదాపు 540 డిగ్రీల వేడిలో ఉంచి, నీటిలో చల్లార్చి, మఱల తక్కువ వేడిలో గంటల కొలది పక్వము చేయుదురు. వెల్డింగు మంట తగిలిన చోట ఆ సంస్కారము చెడి, అతుకు ప్రక్కననే లోహము బలహీనపడును. ఆమె అనకాపల్లి దారిలో లారీల నడుమ రాత్రి డ్యూటీకి పోవలసినది. ఇదంతయు ఆమెకు చెప్పితిని. ఎఱ్ఱగీతను నేను తుడిచివేసిన సంగతియు దాచలేదు.

ఆమె మాటలాడక ఇంటిలోనికి పోయెను. భోజనమునకును పిలువగా రాలేదు. మఱునాటి ఉదయము నేను మూడు చక్రములకును మొదటి పూత వేయుచుండగా వచ్చి, నా ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, ఉక్కు చక్రమును తానే రుద్దుట మొదలుపెట్టెను.

రంగు వేయుటలో కష్టము మఱియొక విధముగా నుండెను. రుద్దిన అల్యూమినియము గాలి తగిలినంతనే పలుచని ఆక్సైడు పొరను కప్పుకొనును. అందుచేత రుద్దిన నాడే, లోహమును కొఱికి పట్టుకొను ప్రత్యేకమగు ప్రైమరు వేయవలెను. దానిపై వెండి రంగు, దానిపై వార్నీషు; ఒక్క దట్టమైన పూతకంటె నాలుగు పలుచని పూతలు మేలు. తొందరపడి తెల్లవాఱుజామున వేసిన వార్నీషు మంచు తేమకు పాలవలె తెల్లబడెను. దానిని రుద్ది, పది గంటల యెండలో మఱల వేసితిని. నట్లు కూర్చుండు గుంటలకును, కారును ఆనుకొను వెనుక ముఖమునకును రంగు తగులకుండ కాగితము అంటించితిమి. అక్కడ రంగు దట్టముగా నున్నచో అది నలిగి, బిగించిన నట్లు వదులగును. వారము దినములు ఆరనిచ్చి టైర్లు ఎక్కించితిమి. ఉక్కు చక్రమునకు అమ్మాయి నల్లరంగు వేసెను. నావానికంటె అదియే నునుపుగా వచ్చెను.

పగిలిన చక్రమునకు వెండి రంగు వేయలేదు. దానిని మఱల ఎవ్వరును బండికి బిగింపరాదని, అమ్మాయి షెడ్డులోనుండి ఎఱ్ఱ రంగు డబ్బాను వెదకి తెచ్చి, సుద్దపై గీత తేలిన చోట గుణకారపు గుర్తు వేసెను. తండ్రి వేసినదానికంటె పెద్దది, అరచేయంత. క్రింద 1999 అని వ్రాసెను. మేకు తుప్పుపట్టి యుండగా క్రొత్తది కొట్టి దానిని యథాస్థానమున వ్రేలాడదీసితిని.

ఫిబ్రవరి మొదటి సోమవారమున ఆమె కారు తీసికొని బయలుదేరెను. ఎనుబది కిలోమీటర్లు తిరిగిన పిమ్మట నట్లను మఱల బిగించి చూచుకొనుమని చెప్పితిని. వీధి మలుపున బాలురు ఎప్పటివలెనే “కుంటి కారు, కుంటి కారు” అని కేకలు వేసిరి. ఆమె హారను రెండుమార్లు మ్రోగించి, చేయి ఊపి పోయినది.