మధురపూడి గాలి

ఆకాశంలో విమానం చప్పుడు వినపడితే చాలు, తాతయ్య వేపచెట్టు కింద మంచం మీంచి లేచి వసారాలోకి వచ్చేసేవాడు. మేమేమో వసారాలోంచి వీధిలోకి పరుగు. గుమ్మం దగ్గర ఎదురుపడేవాళ్లం. నా జబ్బ పట్టుకుని "లోపలికి రారా, నెత్తిన పడుద్ది" అనేవాడు.

మా ఇల్లు రాజమండ్రికి ఉత్తరాన, మధురపూడి ఏరోడ్రోముకి దగ్గరలో ఉండేది. చుట్టూ మెట్ట పొలాలు, పొగాకు బ్యారన్లు, దూరంగా కోరుకొండ నరసింహస్వామి కొండ. సముద్రం మాకు బస్సులో రెండు గంటల దూరం. అయినా ఆ ఏరోడ్రోముకీ సముద్రానికీ ఉన్న సంబంధం మా ఇంట్లో వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనిపిస్తుంది నాకు.

తాతయ్య భయం ఊరికే వచ్చింది కాదు. 1942లో ఆయన కాకినాడ రేవులో బస్తాలు మోసేవాడు. ఆ ఏడాది ఏప్రిల్ 6న సముద్రం మీంచి జపాను విమానాలొచ్చి విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రాత్రే నాయనమ్మని, చంటిబిడ్డగా ఉన్న మా పెద్దత్తని తీసుకుని నడక మొదలుపెట్టాడు. సముద్రానికి ఎంత దూరమైతే అంత మేలని మెట్టకి వచ్చి కౌలుకి పొలం పట్టాడు. తీరా ఆయన కొడుకు, అంటే మా నాన్న, ఉద్యోగం చేసింది విమానాలు దిగే చోటే.

నాన్నది ఏరోడ్రోములో చిన్న ఉద్యోగం. గడ్డి కోయించడం, పగిలిన చోట తారు పోయించడం, ఫైరింజను కడగడం, అన్నీ చేసేవారు. 1985లో వాయుదూత్ వాళ్ల విమానాలు మొదలయ్యాక ఆయన పనికి ఒక వేళ ఏర్పడింది. వచ్చేది చిన్న డోర్నియర్, 19 సీట్లు. రెక్కలు కిటికీలకి పైన ఉండేవి. విమానం వచ్చే అరగంట ముందు నాన్నా వాళ్లూ జీపులో రన్‌వే ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగేవారు. అప్పట్లో కంచె అంటే ముళ్లతీగే. గేదెలు దాన్ని లెక్కచెయ్యవు. వాటిని అదిలించి, కుక్కల్ని తరిమి, దారిలో కనపడ్డ ప్రతి రాయినీ ఏరి జేబులో వేసుకునేవారు. ఇంజను ముందు తిరిగే రెక్కలకి గులకరాయి తగిలినా చాలు, చెడిపోతాయట. సాయంత్రం ఇంటికొచ్చి ఖాకీ చొక్కా విప్పి దండెం మీద వేస్తుంటే రాళ్లు టపటపా రాలేవి. అమ్మ వాటిని తులసికోట చుట్టూ పేర్చింది. నాకు పదేళ్లు వచ్చేసరికి ఆ వరస మోకాలెత్తు అయింది.

విమానం కన్నా నాకు నచ్చింది గాలిసంచి. స్తంభం మీద ఎగిరే ఆ గుడ్డ గొట్టాన్ని ఆఫీసువాళ్లు విండ్‌సాక్ అనేవారు. తెలుపూ నారింజా పట్టీలు, ఒక కొస వెడల్పుగా ఇనప చట్రానికి కట్టి ఉంటుంది, రెండో కొస సన్నగా, వదులుగా. నేల మీద పరిచినప్పుడు నేను అందులో దూరి అవతలికి రాగలిగేవాణ్ణి. లోపల ఎండకి మాగిన గుడ్డ వాసన, కుట్ల మధ్య ఇరుక్కున్న దుమ్ము. అది ఎండకి చివికి, గాలికి చిరిగిపోయేది. నాన్న ఇంటికి తెస్తే అమ్మ కుట్టుమిషను మీద కుట్టేది. సూది విరిగేంత మందం. ఆ మిషను ముందు కూర్చున్నప్పుడే నాన్న నాకు గాలి పాఠం చెప్పారు.

"సంచి వేలాడిందనుకో, గాలి లేదు. బిగిసి అడ్డంగా నిలబడిందా, గంటకి పాతిక కిలోమీటర్ల పైమాటే. తోక ఎటుంటే గాలి అటు పోతోందని. విమానం తోక వైపు నుంచి రావాలి."

"ఎదురుగాలిలోకా నాన్నా? కష్టం కదా?"

"ఎదురుగాలే కావాలిరా దానికి. నీ గాలిపటం ఎలా లేస్తుంది మరి? వెనకనుంచి తోస్తే రన్‌వే చాలదు."

అప్పటికి మా రన్‌వే రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఇప్పుడు మూడు దాటింది.

మరుసటి ఏడాది గోదావరి వచ్చింది. 1986 ఆగస్టు నెల, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. అమ్మమ్మది కోనసీమలో లంక ఊరు. మూడు రోజులు కబురు లేదు. అమ్మ అన్నం ముట్టలేదు గానీ వీధివాళ్లతో కలిసి గుండిగల్లో పులిహోర కలిపింది. మేం పాలిథిన్ కవర్లలో నింపి దారంతో మూతి కట్టాం. లారీ వచ్చి పట్టుకెళ్లింది. తలల మీంచి హెలికాప్టర్లు దక్షిణంగా పోతుంటే మా పొట్లాలు వాటిలోనే ఉన్నాయని నేను గట్టిగా నమ్మాను. తాతయ్య ఆ మూడు రోజులూ వసారా దాటలేదు.

అమ్మమ్మ బతికింది. పెంకుటింటి కప్పు మీద, పక్కింటి వాళ్ల దూడతో సహా. పొట్లాలు చాలావరకు నీళ్లలో పడి కొట్టుకుపోయాయట. ఒక్కటి మాత్రం పెంకుల మీద పడి పగిలింది. చేత్తో ఏరుకుని అందరూ తలో రెండు ముద్దలు తిన్నారు. తరవాత మా ఇంటికొచ్చి నెలరోజులు ఉంది. విమానం చప్పుడు వినపడగానే ఆవిడ వంటింట్లోంచి పెరట్లోకి వచ్చి పైకి చూసి దణ్ణం పెట్టేది. అదే నిమిషంలో తాతయ్య లోపలికి వచ్చేవాడు.

"రండి అన్నయ్యగారూ, అన్నం తెచ్చేదే కదా!" అంది ఒకసారి.

"నువ్వు చూసింది వేరు చెల్లెమ్మా," అన్నాడాయన తలవంచుకుని.

వాయుదూత్‌ని 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. కొద్దికాలానికే మా డోర్నియర్ రావడం మానేసింది. మధ్యలో ఓ ప్రైవేటు సంస్థ కొన్నాళ్లు నడిపి ఆపేసింది. మిగిలినవి సముద్రంలో చమురు రిగ్గుల మీదికి మనుషుల్ని దించి తెచ్చే ఓఎన్‌జీసీ హెలికాప్టర్లు. భుజాన సంచీతో అవి ఎక్కేవాళ్లని చూస్తే, మా మెట్ట మీంచి నేరుగా సముద్రంలోకి ఏదో దారి ఉన్నట్టుండేది. నాన్న జీతం కాగితం మీద ఆఫీసు పేరు మాత్రం మారుతూ వచ్చింది, 1986లో ఒకటి, 1995లో ఇంకొకటి. పని మారలేదు. ప్రయాణికుల విమానం లేని ఆ రన్‌వే మీద కూడా ఆయన రాళ్లు ఏరారు. పగుళ్లలో మొలిచిన గడ్డి పీకించారు. ఊళ్లోవాళ్లు "ఎవరొస్తారండీ ఇంక?" అని అడిగితే నాకు కోపం వచ్చేది. ఆయనకి వచ్చేది కాదు.

1996 నవంబరు 6న సైకిలు మీద ఇంటికొస్తూనే "సంచి ఈశాన్యం నుంచి బిగిసిపోయింది, ఇది మామూలు గాలి కాదు" అన్నారు. ఆ రాత్రి తుఫాను కోనసీమ మీద పడింది. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు పడుకున్నాయి. మర్నాడు ఆయన కొత్త సంచి కట్టడానికి చీకటితోనే బయల్దేరారు. సాయానికి వచ్చేవాళ్లు ఆకాశంలోంచే రావాలి కదా, వాళ్లకి గాలి ఎటుందో కనపడాలి అన్నారు. అమ్మ రాత్రంతా లాంతరు వెలుగులో కుట్టింది.

2007లో డెక్కన్ వాళ్ల ఏటీఆర్ వచ్చింది. అప్పటికి నాన్న రిటైరయ్యారు. ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్లడానికి నేను రెండు టికెట్లు కొన్నాను. అన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. కిటికీ సీటు ఇచ్చాను. గోదావరి, మూడు వంతెనలు, లంకలు చూపించాలని నా ఆరాటం. విమానం రన్‌వే కొసకి వెళ్లి వెనక్కి తిరిగింది. ఆయన మెడ సాచి గడ్డిలో దేనికోసమో వెతికారు. ఇంజన్ల హోరు పెరిగింది. స్తంభం కనపడగానే సీటుకి వీపు ఆనించి, నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎదురుగాలే," అన్నారు.